తప్పెవరిదని అడగని బీమా

అమెరికాలో ఏ రెస్టారెంటు వంటగదిలోకైనా, గ్యాస్ స్టేషన్ వెనక గదిలోకైనా, ఆఫీసు బ్రేక్ రూమ్‌లోకైనా వెళ్ళి గోడలు చూడండి. కనీస వేతనం ఎంతో, వివక్ష చూపకూడదనో చెప్పే ప్రకటనల మధ్య ఇంకో కాగితం ఉంటుంది. ఈ సంస్థకి వర్కర్స్ కాంపెన్సేషన్ బీమా ఉందనీ, పాలసీ ఫలానా కంపెనీదనీ, పనిలో దెబ్బ తగిలితే ఎవరికి చెప్పాలో అందులో రాసి ఉంటుంది. దాన్ని అందరికీ కనపడేలా అంటించడం చాలా రాష్ట్రాల్లో చట్టం పెట్టిన నియమం. చదవమని మాత్రం ఏ చట్టమూ బలవంతపెట్టదు కనుక, దెబ్బ తగిలేదాకా దాన్ని ఎవరూ చదవరు.

అక్కడి తెలుగువాళ్ళు ఈ బీమాకి రెండు వైపులా ఉన్నారు. రెస్టారెంట్లు, సరుకుల దుకాణాలు, గ్యాస్ స్టేషన్లు, సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీలు నడుపుతున్న యజమానులు ఒకవైపు. వాటిలో పనిచేసే వంటవాళ్ళు, క్యాషియర్లు, ప్రోగ్రామర్లు, చదువుకుంటూ నాలుగు డాలర్లు సంపాదించుకునే విద్యార్థులు ఇంకోవైపు. యజమానికి ఇది ఏటా తప్పని ఖర్చుగా తెలుసు. ఉద్యోగికి చాలాసార్లు ఇలాంటిదొకటి ఉందనే తెలియదు. హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకుంటాడు. ఆ హెల్త్ ఇన్సూరెన్సేమో పనిలో తగిలిన గాయాలకి తాను బాధ్యుణ్ణి కానని తన షరతుల్లో ముందే రాసుకుని ఉంటుంది.

ఒక వంటగదినే తీసుకుందాం. వంటతను గారెలు వేయిస్తూ తడినేల మీద జారాడు, మూకుడు ఒరిగి కాగే నూనె ముంజేతి మీద పడింది. నేల తుడవకుండా వదిలేసింది గిన్నెలు కడిగే కుర్రాడు. జారకుండా రబ్బరు చాపలు వేయించమని ఎన్నిసార్లు అడిగినా వేయించనిది యజమాని. పట్టున్న బూట్లు కాకుండా చెప్పులతో పనిలోకి వచ్చింది వంటతనే. తప్పెవరిది? వర్కర్స్ కాంప్ వ్యవస్థ మొత్తం ఈ ప్రశ్నని అడగకుండా ఉండడం కోసమే పుట్టింది. గాయం పనిలో, పని వల్ల అయిందా లేదా అన్నదొక్కటే చూస్తుంది. అయితే వైద్యం ఖర్చూ, పోయిన జీతంలో కొంత భాగమూ బీమా నుంచి వస్తాయి. కుర్రాడి బద్ధకం, యజమాని పిసినారితనం, వంటతని చెప్పులు ఈ లెక్కలోకి రావు.

ఇది ఎంత పెద్ద మార్పో తెలియాలంటే పందొమ్మిదో శతాబ్దపు కోర్టులు ఇదే వంటతనికి ఏం చెప్పేవో చూడాలి. దెబ్బ తగిలినవాడు యజమాని మీద దావా వేసి, తప్పు యజమానిదేనని రుజువు చేసుకోవాలి. యజమాని చేతిలో మూడు అడ్డుగోడలుండేవి. నీ గాయానికి నీ అజాగ్రత్త కొంచెమైనా కారణమైతే నీకు పైసా రాదన్నది మొదటిది. చెప్పులతో వచ్చినందుకు మనవాడు ఇక్కడే ఆగిపోతాడు. తోటి పనివాడి పొరపాటు వల్ల జరిగితే యజమానికి సంబంధం లేదన్నది రెండోది; నేల తుడవనిది గిన్నెల కుర్రాడు. ఈ పనిలో ప్రమాదముందని తెలిసే చేరావు కాబట్టి ప్రమాదాన్ని నువ్వు ఒప్పుకున్నట్టే అన్నది మూడోది. కాగే నూనె దగ్గర పని అని వంటవాడికి తెలియదా?

రెండో గోడని అమెరికాలో గట్టిగా కట్టింది మసాచుసెట్స్ రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి లెమ్యుయెల్ షా, 1842లో. ఫార్వెల్ అనే రైలింజను డ్రైవరు, పట్టాలు మార్చే ఉద్యోగి పొరపాటు వల్ల రైలు పట్టాలు తప్పి కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. రోజుకి రెండు డాలర్ల జీతం. ప్రమాదమున్న పని కాబట్టే జీతం కాస్త ఎక్కువ, ఆ ఎక్కువలోనే ప్రమాదం ధర కలిసి ఉందని కోర్టు తేల్చింది. రైలు కంపెనీ ఏమీ ఇవ్వనక్కర్లేకపోయింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు గనుల్లో, మిల్లుల్లో, రైల్వేల్లో చేతులూ కాళ్ళూ పోగొట్టుకున్నవాళ్ళ కేసుల్లో ఈ తర్కమే నడిచింది. అప్పుడప్పుడు మాత్రం ఏ జ్యూరీకో జాలి కలిగి ఒక కార్మికుడికి పెద్ద మొత్తం ఇప్పించేది. అంటే కార్మికుడికి లాటరీ, యజమానికి పీడకల. ఇద్దరికీ వ్యవస్థ నచ్చకపోవడమే దాన్ని మార్చింది.

జర్మనీలో బిస్మార్క్ ప్రభుత్వం 1884లోనే ప్రమాద బీమా చట్టం తెచ్చింది, బ్రిటన్ 1897లో తెచ్చింది. అమెరికాలో కొంచెం ఆలస్యమైంది. న్యూయార్క్ రాష్ట్రం 1910లో ఒక చట్టం చేస్తే, తప్పు లేనివాడి ఆస్తిని పరిహారం పేరుతో లాక్కోవడం రాజ్యాంగ విరుద్ధమని ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 1911 మార్చి 24న కొట్టేసింది. మర్నాడే, మార్చి 25న, న్యూయార్క్ నగరంలో ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ దుస్తుల ఫ్యాక్టరీ అంటుకుని 146 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది వలస వచ్చిన పడుచు అమ్మాయిలు. ఇక వాదించడానికి ఎవరికీ నోరు రాలేదు. 1913లో రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించి, మరుసటి ఏడాది కొత్త చట్టం తెచ్చారు. 1917లో అమెరికా సుప్రీం కోర్టు దాన్ని సమర్థించింది. ఈలోపు 1911లోనే విస్కాన్సిన్ రాష్ట్రం నిలబడే చట్టం చేసింది. అందరికంటే చివర 1948లో మిసిసిపీ చేసింది. మన దేశంలో బ్రిటిష్ ప్రభుత్వం కార్మిక పరిహార చట్టం చేసిన 1923 ఈ రెంటికీ మధ్యలో వస్తుంది.

ఈ చట్టాల గుండెకాయ ఒక బేరం. కార్మికుడు యజమాని మీద దావా వేసే హక్కు వదులుకుంటాడు. దానితో పాటు నొప్పికీ, మానసిక బాధకీ కోర్టులు ఇప్పించే మొత్తాలూ వదులుకుంటాడు. యజమాని ఆ మూడు అడ్డుగోడలూ వదులుకుని, తప్పు తనది కాకపోయినా పరిహారం ఇచ్చే బాధ్యత బీమా ద్వారా నెత్తికెత్తుకుంటాడు. ఒకరికి తక్కువైనా ఖాయంగా వస్తుంది, ఇంకొకరికి ఖర్చెంతో ముందే తెలుస్తుంది. యజమాని కావాలనే గాయపరచడం లాంటి అరుదైన సందర్భాలు తప్ప ఈ బేరం దాటి వెళ్ళడం కుదరదు. కాకపోతే బేరం యజమానితోనే గానీ లోకంతో కాదు. వంటతని మూకుడు పిడి తయారీ లోపం వల్ల ఊడిందనుకోండి, తయారుచేసిన కంపెనీ మీద మామూలు దావా వేయవచ్చు. డెలివరీకి వెళ్తుంటే ఎవరో కారుతో గుద్దితే ఆ డ్రైవరు మీదా వేయవచ్చు. అక్కడ డబ్బు గెలిస్తే, తాను అప్పటికే పెట్టిన ఖర్చుని బీమా కంపెనీ అందులోంచి రాబట్టుకుంటుంది.

తప్పు అడగరు సరే, పనిలో అయిందా అని మాత్రం గుచ్చి గుచ్చి అడుగుతారు. పోట్లాటలన్నీ ఇక్కడే. ఇంటినుంచి ఆఫీసుకి వెళ్ళే దారిలో కారు గుద్దుకుంటే సాధారణంగా వర్తించదు. ఆఫీసు పనిమీద క్లయింటు దగ్గరికి వేరే ఊరు వెళ్ళి, అక్కడి హోటల్లో మెట్ల మీద జారితే చాలా రాష్ట్రాల్లో వర్తిస్తుంది. పని మధ్యలో కాఫీకో బాత్రూముకో లేచి పడితే, అది మనిషికి సహజమైన అవసరం కాబట్టి పనిలో భాగమే అంటాయి కోర్టులు. ఇంటినుంచి పనిచేసేవాళ్ళకీ ఇదే సూత్రం. ల్యాప్‌టాప్ ముందు నుంచి లేస్తూ తీగ తట్టుకుని పడడం వేరు, మధ్యలో బట్టలు ఆరేయడానికి వెళ్ళి పడడం వేరు. రాత్రి షిఫ్టులో గ్యాస్ స్టేషన్ కౌంటర్లో ఉన్నవాణ్ణి దొంగ కాల్చితే అది పని తెచ్చిపెట్టిన ప్రమాదమే. తాగిన మత్తు వల్లే గాయమైనా, కావాలని గాయపరచుకున్నా సాధారణంగా రాదు. అన్నిటికంటే చిక్కైనవి మెల్లగా వచ్చే జబ్బులు: ఏళ్ళ తరబడి కీబోర్డు మీద కొట్టీ కొట్టీ మణికట్టు నరం నొక్కుకుపోవడం, బస్తాలు ఎత్తీ ఎత్తీ నడుం పట్టేయడం. ఫలానా రోజున ఫలానా చోట దెబ్బ అంటూ చూపించడానికి ఉండదు. అప్పటికే ఉన్న పాత నొప్పని బీమా కంపెనీ అంటుంది. పని ఆ నొప్పిని పెంచిందని చెప్పగల డాక్టరు కావాలి.

ఈ చట్టం అమెరికా అంతటికీ ఒకటి కాదు. ఫెడరల్ ఉద్యోగులకి వేరే చట్టం, రైల్వే కార్మికులకి 1908 నాటి ఇంకో చట్టం ఉన్నాయి. మిగతా దాదాపు అందరికీ ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిదే. ఒక్క ఉద్యోగి ఉన్నా బీమా ఉండాల్సిందే అంటాయి కాలిఫోర్నియా, న్యూజెర్సీ. జార్జియాలో ముగ్గురుండాలి. ఫ్లోరిడాలో మామూలు వ్యాపారాలకి నలుగురు, కట్టడం పనులకైతే ఒక్కరున్నా చాలు. అలబామాలో ఐదుగురు. అట్లాంటాలో ఇద్దరు పనివాళ్ళతో దోసెల బండి నడిపే ఆయన బీమా లేకుండా చట్టబద్ధంగానే ఉంటాడు. అదే పని న్యూజెర్సీలోని ఎడిసన్‌లో చేస్తే నేరం. కాలిఫోర్నియాలో బీమా లేకపోవడం ఎంత నేరమంటే, జరిమానా 10,000 డాలర్లకి తగ్గదు, ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు.

బీమా ఎవరు అమ్ముతారన్నదీ రాష్ట్రాన్ని బట్టే. ఎక్కువ రాష్ట్రాల్లో ప్రైవేటు కంపెనీలు అమ్ముతాయి. కాలిఫోర్నియాలో ప్రైవేటు కంపెనీలతో పోటీపడుతూ 1914 నుంచీ రాష్ట్రపు నిధి సంస్థ కూడా ఉంది. ఒహాయో, వాషింగ్టన్, నార్త్ డకోటా, వయోమింగ్ ఈ నాలుగూ మాత్రం ఈ వ్యాపారంలోకి ప్రైవేటు కంపెనీలని అడుగుపెట్టనివ్వవు. పాలసీ రాష్ట్ర ప్రభుత్వం దగ్గరే కొనాలి. వాషింగ్టన్ మరీ ప్రత్యేకం. అక్కడ ప్రీమియం జీతం మీద కాక పనిచేసిన గంటల మీద లెక్కిస్తారు, అందులో కొంత ఉద్యోగి జీతంలోంచి కూడా కోస్తారు. మిగతా చాలా రాష్ట్రాల్లో ఏ యజమానైనా వర్కర్స్ కాంప్ పేరు చెప్పి మీ జీతం కోస్తున్నాడంటే అనుమానించాల్సిందే.

ఇలా రాష్ట్రానికో చట్టం ఉండడం సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీలు పదేపదే బోల్తాపడే చోటు. కంపెనీ న్యూజెర్సీలో, ఉద్యోగి డల్లాస్‌లో, ఇంకో ఉద్యోగి సియాటిల్ శివార్లలో ఇంట్లో కూర్చుని పనిచేస్తుంటాడు. పాలసీ మొదటి పేజీలో 3.ఏ అనే అంశం కింద ఏయే రాష్ట్రాల చట్టాలకి పాలసీ వర్తిస్తుందో జాబితా ఉంటుంది. ఉద్యోగి ఉన్న రాష్ట్రం అందులో చేర్పించాలి. సియాటిల్ ఉన్నది వాషింగ్టన్‌లో కాబట్టి ఆ జాబితాలో చేర్పించడమూ కుదరదు, ఆ రాష్ట్రం దగ్గర విడిగా నమోదు కావాలి.

టెక్సాస్ దారి ఇంకా వేరు. ప్రైవేటు యజమానికి అక్కడ ఈ బీమా ఇష్టమైతేనే. కొనకపోతే ఆ సంగతి రాష్ట్ర శాఖకీ, ఉద్యోగులకీ తెలియజేయాలి. అప్పుడు బేరం లేదు కాబట్టి ఉద్యోగి దావా వేయవచ్చు, పైగా ఆ పాత మూడు అడ్డుగోడలు యజమానికి ఉండవు. అయితే యజమాని నిర్లక్ష్యాన్ని మాత్రం ఉద్యోగే రుజువు చేయాలి. బీమా కొనని కంపెనీలు కొన్ని సొంతంగా ఒక పరిహార పథకం పెట్టి, చేరేరోజునే కోర్టుకి వెళ్ళకుండా మధ్యవర్తి దగ్గరే తేల్చుకుంటానని సంతకం పెట్టించుకుంటాయి. టెక్సాస్‌లో ఉద్యోగంలో చేరేవాళ్ళు ఆ కాగితాల కట్టలో ఏం సంతకం పెడుతున్నారో చూసుకోవాలి.

ఇక గాయపడ్డవాడికి వచ్చేదేమిటి? ముందు వైద్యం. రోగి చేతినుంచి కట్టాల్సిన కో-పే లేదు, డిడక్టిబుల్ లేదు, మందులూ ఫిజియోథెరపీ అన్నీ బీమా ఖర్చే. తర్వాత జీతంలో భాగం. చాలా రాష్ట్రాల్లో సగటు వారపు జీతంలో మూడింట రెండు వంతులు, న్యూజెర్సీలో నూటికి 70. ప్రతి రాష్ట్రానికీ ఒక పై పరిమితి. వారానికి 900 డాలర్లు తెచ్చుకునేవాడికి 600 వస్తాయి, వీటిమీద ఆదాయపు పన్ను లేదు. మొదటి కొన్ని రోజులకి ఏమీ ఇవ్వరు. కాలిఫోర్నియాలో మూడు రోజులు, టెక్సాస్‌లో ఏడు. ఈ రెండు చోట్లా పని మానేసిన కాలం రెండు వారాలు దాటితే ఆ రోజులకి కూడా వెనక్కి ఇస్తారు. కాలిఫోర్నియాలో ఇది ఎంత సాగినా చాలా గాయాలకి ఐదేళ్ళలో 104 వారాలకి మించదు.

ఇక్కడ క్యాష్ మీద పనిచేసేవాళ్ళ కష్టం అర్థమవుతుంది. వారానికి 900 చేతికొస్తున్నా పే స్టబ్‌లో (జీతం చీటీలో) 300 చూపిస్తుంటే, బీమా కంపెనీ 300లోనే మూడింట రెండు వంతులు లెక్కగడుతుంది. మిగతాది నిరూపించే భారం గాయపడ్డవాడిదే. పన్ను మిగిలిందని ఇద్దరూ సంతోషించిన ఏర్పాటు, చెయ్యి కాలిన రోజున ఒకడికే నష్టం తెస్తుంది.

ఇక చేయాల్సిన పనులు. మొదటిది, చెప్పడం, నోటితో కాదు, రాతపూర్వకంగా. ఒక టెక్స్ట్ మెసేజైనా సరే, తేదీ సమయం పడి ఉంటే చాలు. కాలిఫోర్నియా, టెక్సాస్ రెండింటిలోనూ యజమానికి తెలపడానికి 30 రోజుల గడువుంది. ఇది తొలి మెట్టే. టెక్సాస్‌లో రాష్ట్ర శాఖ దగ్గర క్లెయిమ్ వేయడానికి ఏడాది, న్యూజెర్సీలో అర్జీ పెట్టుకోవడానికి రెండేళ్ళు. రెండోది, ఆసుపత్రిలో నిజం చెప్పడం. "ఇంట్లో తగిలిందని చెప్పేయి, బిల్లు నేను కడతాలే" అనే యజమానులుంటారు. మనవాడే కదా, మొహమాటం. కానీ డాక్టరు మొదటి రోజు రాసుకున్న మాటే తర్వాత అన్నిటికీ ఆధారం. ఇంట్లో తగిలిందని రాయించుకున్న గాయాన్ని నెల తర్వాత పనిలోకి మార్చడం దాదాపు అసాధ్యం. కాలిన చేతికి చర్మం అతికించాల్సి వచ్చి బిల్లు వేలల్లోకి ఎక్కాక ఆ యజమాని మాట నిలబడుతుందన్న నమ్మకం నాకైతే లేదు.

కాలిఫోర్నియాలో గాయం సంగతి తెలిసిన ఒక పనిదినంలోగా యజమాని క్లెయిమ్ ఫారం చేతికివ్వాలి. ఉద్యోగి అది నింపి ఇచ్చాక, బీమా కంపెనీ అవునో కాదో తేల్చేలోపే 10,000 డాలర్ల దాకా వైద్యానికి అనుమతించాలి. 90 రోజుల్లో కాదనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. డాక్టరుని ఎవరు ఎంచుకోవాలన్నది మళ్ళీ రాష్ట్రాన్ని బట్టే: న్యూజెర్సీలో యజమాని లేదా బీమా కంపెనీ పంపినచోటికే వెళ్ళాలి, న్యూయార్క్‌లో రాష్ట్రం అనుమతించిన డాక్టర్లలో ఉద్యోగే ఎంచుకుంటాడు. క్లెయిమ్ వేసినందుకు ఉద్యోగంలోంచి తీసేయడం చాలా రాష్ట్రాల్లో చట్టవిరుద్ధం. గొడవ ముదిరితే లాయరు, ఆయన ఫీజుకి రాష్ట్రం పరిమితి పెడుతుంది; టెక్సాస్‌లో అది వచ్చినదాంట్లో పాతిక శాతం.

యజమాని వైపు లెక్క చూద్దాం. ప్రతి రకం పనికీ ఒక కోడ్ నంబరుంది. ఎక్కువ రాష్ట్రాల్లో వీటిని ఎన్‌సీసీఐ అనే సంస్థ తయారుచేస్తుంది. ఆఫీసు గుమాస్తా పనికి 8810, రెస్టారెంటుకి 9082, ఇంటి కప్పులు వేసే పనికి 5551. ప్రతి కోడ్‌కీ, ఇచ్చే జీతంలో వంద డాలర్లకి ఇంత అని ఒక రేటు. గుమాస్తాకి సెంట్లలో ఉండే రేటు కప్పులెక్కేవాడి దగ్గరికి వచ్చేసరికి డాలర్లవుతుంది. మన రెస్టారెంటు రేటు 2 డాలర్లనీ, ఏడాది జీతాల మొత్తం 3 లక్షలనీ అనుకుందాం. ప్రీమియం 6,000 డాలర్లు. వ్యాపారం కొంత పెద్దదైతే దీన్ని "మాడ్" అనే అంకెతో గుణిస్తారు. అది ఈ రెస్టారెంటులో గత కొన్నేళ్ళ ప్రమాదాల చరిత్రని ఇలాంటి మిగతావాటితో పోల్చి తేల్చిన అంకె. సగటుగా ఉంటే 1. ప్రమాదాలు తక్కువై 0.85 వస్తే ప్రీమియం 5,100కి దిగుతుంది, ఎక్కువై 1.30 వస్తే 7,800కి ఎక్కుతుంది. అడిగిన రబ్బరు చాపల ఖర్చు ఈ తేడాతో పోలిస్తే ఎంత?

మాడ్ లెక్కలో ఒక పెద్ద ప్రమాదం కంటే పది చిన్న ప్రమాదాలే ఎక్కువ బరువు తూగుతాయి. పది జరిగాయంటే అక్కడ పని జరిగే తీరులోనే ఏదో ఉందని బీమావాళ్ళ అనుభవం. దీనికి భయపడి చిన్న గాయాల్ని దాచేసే యజమానులకి తెలియనిది ఇంకోటుంది. జీతం నష్టం లేకుండా డాక్టరు ఖర్చుతోనే ముగిసిన క్లెయిమ్‌ని, ఎన్‌సీసీఐ పద్ధతి పాటించే చాలా రాష్ట్రాల్లో, మాడ్ లెక్కలోకి 30 శాతమే తీసుకుంటారు. దాచి తర్వాత ముదరబెట్టుకున్నదాన్ని మాత్రం పూర్తిగా లెక్కేస్తారు.

ఏడాది చివర ఆడిట్ ఉంటుంది. మొదట చెప్పిన జీతాల అంచనాకీ నిజంగా ఇచ్చినదానికీ తేడా వస్తే డబ్బు అటో ఇటో మారుతుంది. ఇక్కడే చాలామంది చిన్న యజమానులు అదిరిపడతారు. ఉద్యోగి కాదు, కాంట్రాక్టరు అని 1099 అనే పన్ను ఫారం మీద డబ్బిచ్చిన మనిషికి సొంత బీమా ఉన్నట్టు సర్టిఫికెట్ లేకపోతే, ఆడిటర్ ఆ డబ్బుని కూడా జీతం కింద కలిపి ప్రీమియం వేస్తాడు. 1099 రాసినంత మాత్రాన ఎవరూ కాంట్రాక్టరు అయిపోరు. ఎప్పుడు రావాలో, ఎలా చేయాలో మీరే చెబుతుంటే అతను ఉద్యోగే. కాలిఫోర్నియా ఈ పరీక్షని 2018 నాటి ఒక తీర్పుతో, 2020లో అమల్లోకి వచ్చిన చట్టంతో చాలా కఠినం చేసింది. యాప్ డ్రైవర్లకి మాత్రం అదే ఏడాది నవంబరులో ఓటర్లు మినహాయింపు ఇచ్చారు.

సొంత యజమానికి, భాగస్వాములకి చాలా రాష్ట్రాల్లో ఈ బీమా దానంతటది వర్తించదు, కోరి చేర్పించుకోవాలి. భార్యాభర్తలిద్దరే పొద్దుట్నుంచి రాత్రిదాకా నిలబడే దుకాణాల్లో ఎవరికీ రక్షణ లేదన్నమాట. విజిటర్ వీసా మీద వచ్చిన మామగారు ఊసుపోక కౌంటర్లో కూర్చుంటే ఆయనకి వీసా పని చేయనివ్వదు, జీతం లేని సాయానికి పాలసీ సాధారణంగా వర్తించదు. కూర్చోబెట్టకపోవడమే మేలు.

గాయం మాని, ఇక ఇంతకంటే బాగుపడదని డాక్టరు తేల్చాక శాశ్వత నష్టం ఎంతో కొలుస్తారు. చెయ్యి ఇన్ని వారాలు, బొటనవేలు ఇన్ని వారాలు అని చట్టంలోనే పట్టిక ఉంటుంది. ఫెడరల్ ఉద్యోగుల చట్టంలో మొత్తం చెయ్యి పోతే 312 వారాల పరిహారం, కాలుకి 288, కన్నుకి 160, బొటనవేలికి 75. అలబామా పట్టికలో చెయ్యికి 222 వారాలు. పైగా వారానికి 220 డాలర్లకి మించకూడదని 1980లలో పెట్టిన పరిమితి దశాబ్దాల పాటు అలాగే ఉండిపోయింది. గుణిస్తే 48,840 డాలర్లు. అంతకంటే ఎన్నో రెట్లు ఇచ్చే రాష్ట్రాలున్నాయి. చెయ్యి ఒకటే, దాని విలువ సరిహద్దు దాటగానే మారుతుంది.

1972లో జాతీయ కమిషన్ ఒకటి రాష్ట్రాల చట్టాలు చాలడం లేదని, 19 సిఫార్సులు అత్యవసరంగా పాటించాలని చెప్పింది. ఫెడరల్ చట్టం వస్తుందన్న భయంతో రాష్ట్రాలు కొన్నేళ్ళు మెరుగుపడ్డాయి. భయం పోయాక, వ్యాపారాల్ని తమవైపు లాక్కునే పోటీలో కొన్ని మళ్ళీ కోతలకి దిగాయి. కార్మికుడి దగ్గర తీసేసుకున్న దావా హక్కు తిరిగి రాలేదు, బదులుగా ఇచ్చేది మాత్రం తరిగింది. వందేళ్ళ కిందటి బేరం నేడు చాలాచోట్ల కార్మికుడికి సమానంగా లేదని నా అభిప్రాయం.

మన దేశంలోని ఉద్యోగుల బీమా ఈఎస్ఐతో పోలిస్తే ఒక తేడా కనిపిస్తుంది. ఈఎస్ఐలో ఉద్యోగీ కొంత కడతాడు, యజమాని ఎక్కువ కడతాడు, జ్వరానికీ ప్రసవానికీ కూడా అదే, ఆసుపత్రులూ దానివే. అమెరికాది పని గాయానికే పరిమితం.

మళ్ళీ గాయపడ్డవాడి దగ్గరికి వస్తే, ఒప్పందం చేసుకుని క్లెయిమ్ ముగించేటప్పుడు కాలిఫోర్నియాలో రెండు దారులున్నాయి. ఒకదాంట్లో పెద్ద మొత్తం ఒకేసారి తీసుకుని, ఆ గాయానికి ముందుముందు కావాల్సిన వైద్యం హక్కుని కూడా వదిలేస్తారు. రెండోదాంట్లో డబ్బు విడతలుగా వస్తుంది, వైద్యం కొనసాగుతుంది. ఇండియాకి తిరిగి వెళ్ళిపోదామనుకునేవాళ్ళని మొదటిది ఆకర్షిస్తుంది. పదేళ్ళ తర్వాత వెన్నుకి ఆపరేషన్ కావాలంటే ఎవరు కడతారో సంతకానికి ముందు ఆలోచించాలి.

చదువు కోసం వచ్చి, క్యాంపస్ బయట అనుమతి లేకుండా పనిచేస్తున్న విద్యార్థుల సంగతి విడిగా చెప్పాలి. చాలా రాష్ట్రాల్లో పని అనుమతి లేకపోవడం వల్ల వైద్యం, పరిహారం హక్కు పోదు; కాలిఫోర్నియా చట్టం ఆ మాట సూటిగానే చెబుతుంది. పరిహార శాఖ వీసాలు చూసే శాఖ కాదు. అలాగని ఎఫ్-1 విద్యార్థి వీసాకి ఆ పని తెచ్చే ప్రమాదం మాయమైపోదు. క్లెయిమ్ వేసేముందు పరిహారం, వీసా రెండూ తెలిసిన లాయర్లతో మాట్లాడుకోవాలి, గడువు దాటకుండా.

ఇంతకంటే దారుణమైన రోజులూ వస్తాయి. కౌంటర్లో ఉన్న కుర్రాడు తుపాకీకి బలైతే శవాన్ని ఊరు చేర్చడానికి తెలుగు సంఘాలు ముందుకొస్తాయి, స్నేహితులు చందాలు పోగుచేస్తారు. ఆ హడావుడిలో దుకాణానికి వర్కర్స్ కాంప్ పాలసీ ఉందా అని అడిగేవారుండరు. ఉంటే టెక్సాస్‌లో, కాలిఫోర్నియాలో అంత్యక్రియలకే 10,000 డాలర్ల దాకా వస్తాయి. పోషణకి అతని మీదే పూర్తిగా ఆధారపడ్డవారు ఒక్కరున్నా కాలిఫోర్నియాలో 2,50,000 డాలర్లు. టెక్సాస్‌లో భార్యాపిల్లలు, ఆధారపడ్డవాళ్ళు ఎవరూ లేకపోతే, కొడుకు మీద ఆధారపడని తల్లిదండ్రులకి కూడా 104 వారాల దాకా ఇస్తారు. దానికి గడువు మాత్రం ఏడాదే. దేశం బయట ఉన్న వారసులకి కొన్ని చట్టాలు మొత్తం తగ్గిస్తాయి, కొన్ని ఫలానా బంధువులకే పరిమితం చేస్తాయి. బంధుత్వం, ఆధారపడడం, జీతం నిరూపించడానికి జనన ధ్రువపత్రాలు, బ్యాంకులో డబ్బు పంపిన లెక్కలు, చివరి నెలల పే స్టబ్‌లు కావాలి. అతని గదిలో సామాను సర్దే రూమ్మేట్లు వాటిని పారేయకుండా ఒక కవర్లో పెట్టి తల్లిదండ్రులకి పంపాలి, యజమాని పేరూ దుకాణం చిరునామా దానిమీద రాసి.